వస్తానని చెప్పి వెళ్ళేవాళ్ళం

మధ్యాహ్నం ఒకటిన్నరకు స్కూలు బస్సులు కదలాలి. వాటిని కదిలించడం నా పని. బహ్రెయిన్‌లో, మనామా శివార్లలో మన దేశపు చదువు చెప్పే ఒక స్కూల్లో ఎనిమిదేళ్ళుగా బస్సుల ఇన్‌చార్జిని. లిస్టు పట్టుకొని ఒక్కో బస్సు ఎక్కుతాను, తలలు లెక్కపెడతాను, దిగి చెయ్యి ఊపుతాను. ఎండలో టోపీ పెట్టుకోను, నీడ వెతుక్కోను. తెల్ల చొక్కా ఇస్త్రీ మడత చెడకుండా నిలబడతాను. మా నాన్నగారు అలాగే నిలబడేవారు.

ఉత్తర తెలంగాణలో మాది దొరల ఇల్లు. నాకు ఊహ తెలిసేసరికే భూములు కోర్టుల్లో కరిగిపోయాయి, గడి పైకప్పు వానలకు కూలింది. మిగిలినవి ఇంటిపేరు, మాట తప్పని ఇల్లన్న పేరు, వంగని నడుము. మూడింటినీ ఇక్కడికి తెచ్చుకున్నాను. ఇంటిపేరు ఇక్కడ ఎవరికీ నోరు తిరగదు. మాటను పరీక్షించే అవసరం ఎవరికీ రాలేదు. నడుము మాత్రం పనికొచ్చింది.

రిఫా వెళ్ళే బస్సు డ్రైవరుది మా పక్క మండలమే. ఇరవై ఏళ్ళుగా ఈ దేశంలో ఉన్నాడు. మొదట క్యాంపులో ఉండి తాపీపని, తర్వాత లైసెన్సు తీసి బస్సు. ఊళ్ళో వాళ్ళంతా అతను దుబాయిలో ఉన్నాడనే చెప్పుకుంటారట. నేనెవరి ఇంటివాడినో నేను చెప్పకుండానే తెలుసుకున్నాడు. ఒకరోజు చాయ్ తాగుతూ, కోపం లేకుండానే అన్నాడు: "మా తాత మీ గడి ముందలకెల్లి చెప్పులు చేతుల వట్టుకొని నడిచేటోడట సార్. ఇప్పుడు మీరు నా బస్సు ముందల ఎండల నిలవడ్డరు."

"డ్యూటీ," అన్నాను.

"అవును సార్. మా తాతది గూడ డ్యూటీనే."

చాయ్ గ్లాసు కింద పెట్టి లేచాను. అప్పటినుంచి అతనితో పని మాటలు తప్ప మాట్లాడటం మానుకున్నాను.

ఈ డ్రైవరు బస్సులోనే ఆ పాప వచ్చేది. ఏడేళ్ళది. ఆటిజం ఉందని స్కూలు కాగితాల్లో రాసి ఉంది. రెండో వరుసలో కిటికీ పక్క సీటు ఆమెది. అక్కడ ఇంకెవరైనా కూర్చుంటే ఊరుకోదు. మనుషుల ముఖాల వైపు చూడదు. నేను బస్సెక్కితే నా బూట్లు చూసేది. మాట్లాడటం తక్కువ, అదీ ఒకటి రెండు మాటలే. ఇంట్లో తెలుగే.

మొదట్లో ఏ ఇబ్బందీ లేదు. అప్పట్లో పిల్లల తలలు బస్సు ఆయా లెక్కపెట్టేది. ఆమెది శ్రీలంక. తర్వాత ఇన్‌చార్జే స్వయంగా ప్రతి బస్సూ ఎక్కి లెక్కపెట్టాలని నియమం వచ్చింది. అలా ఎక్కి, లిస్టులో తెలుగు పేరు చూసి, ఆ పాపతో రోజూ రెండు ముక్కలు తెలుగులో మాట్లాడటం మొదలుపెట్టాను. పరాయి దేశంలో మన పిల్లతో మన మాట మాట్లాడితే దానికీ బాగుంటుందనుకున్నాను. నాకు బాగుండేదన్నది నిజం.

సరిగ్గా ఆ వారంలోనే గొడవ మొదలైంది. బస్సు కదలబోయే వేళకు పాప సీటు బెల్టు విప్పుకొని, తలుపు దగ్గరికి పరుగెత్తి, రెండు అరచేతులూ అద్దానికి ఆనించి అరిచేది. ఏడుపు కాదు. ఎవరో హారన్ మీద చెయ్యి పెట్టి తీయడం మరిచిపోయినట్టు ఒకే స్వరం. ఆయా పట్టుకుంటే గోళ్ళతో గీరేది. ఒక్కోరోజు ఇరవై నిమిషాలు. అంతసేపూ బస్సు ఆగాల్సిందే. మిగతా పిల్లల తల్లిదండ్రులు ఫోన్లు చేయసాగారు.

"ఆ పిల్ల మీకోసమే జూస్తున్నది సార్," అన్నాడు డ్రైవరు ఒకరోజు. "మీరు దిగి అవతల బస్సుకు వోయేదాంక మీ దిక్కే జూస్తది. అటెన్కనే మొదలువెడ్తది."

"నువ్వు రోడ్డు చూడు," అన్నాను.

మూడు వారాలు ఓపిక పట్టి రిపోర్టు రాశాను. ఈ విద్యార్థినికి బస్సు ప్రయాణం తగదు, తల్లిదండ్రులు సొంత ఏర్పాటు చేసుకోవాలి అని. మంచి ఇంగ్లీషులో, ఒక్క కొట్టివేత లేకుండా రాశాను. ప్రిన్సిపాల్ మేడమ్ చదివి బల్ల మీద పెట్టుకుంది. "ఇలాంటి పిల్లల గురించి బుధవారం అందరికీ ట్రెయినింగ్ ఉంది. అది అయ్యాక సంతకం పెడతాను," అంది.

రిపోర్టు సంగతి తెలిసి పాప తల్లి నన్ను వెతుక్కుంటూ వచ్చింది. జింజ్‌లో ఒక క్లినిక్ ల్యాబులో పని చేస్తుంది, కోస్తా మనిషి. కుర్చీ చూపించాను. కూర్చోలేదు.

"బస్సు తీసేస్తే పాప స్కూలు మానేసినట్టేనండీ. నాకు మూడింటిదాకా డ్యూటీ, అప్పటిదాకా పక్కింటావిడ చూస్తుంది. డ్రైవింగ్ లైసెన్సు లేదు. ఆయనేమో సౌదీలో, సముద్రం మీది వంతెన అవతల. వారానికోసారి వస్తారు."

"నియమం ఒకరికోసం మారదమ్మా."

"మార్చమనట్లేదండీ. ఎందుకు అరుస్తోందో ఎవరైనా కనుక్కోండి అంటున్నా. ఇంట్లో అలా అరవదు."

"ఇంట్లో అరవదనే ప్రతి తల్లీ అంటుంది."

ఆమె బ్యాగు భుజానికి సర్దుకుంది. "అంటారండీ. అందులో కొందరు నిజమే చెప్తారు," అని వెళ్ళిపోయింది.

బుధవారం బస్సులు పిల్లల్ని దించి తిరిగొచ్చేసరికి కేజీ గదిలో ట్రెయినింగ్ సిద్ధమై ఉంది. టీచర్లు, ఆయాలు, డ్రైవర్లు, ఊడ్చేవాళ్ళు, వాచ్‌మన్, అందరూ రావాలని ఆదేశం. చిన్నపిల్లల కుర్చీలు. మోకాళ్ళు గడ్డానికి తగులుతుంటే ఎవరి నడుమూ నిటారుగా ఉండదు. నా పక్క కుర్చీలో ఆ డ్రైవరే వచ్చి కూర్చున్నాడు.

"ఇక్కడ అందరు ఒక్కటే ఎత్తు సార్," అన్నాడు మెల్లగా.

నేర్పడానికి వచ్చింది బహ్రెయినీ ఆవిడ. నల్లటి అబాయా, అరిగిపోయిన కాన్వాసు బూట్లు. టీచర్లతో ఇంగ్లీషు, డ్రైవర్లతో ఇక్కడి బజారు హిందీ. ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. మొదట నన్ను ఎంచుకుని, ఒక గరుకు కాగితం ముక్కను నా కాలరు లోపల, మెడకు తగిలేలా దోపింది. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టింది. అందులో మిక్సీ, పిల్లల గోల, ఎవరో కుర్చీ ఈడుస్తున్న చప్పుడు కలిసి మోగుతున్నాయి. లైటు నా కళ్ళ మీదికి తిప్పింది. ఒక కాగితం చేతికిచ్చి అరబ్బీలో గబగబా ఏదో చెప్పి, చెయ్యమన్నట్టు చూసింది. నాకు అర్థం కాలేదు. ఇంకాస్త గట్టిగా, ఇంకాస్త త్వరగా మళ్ళీ చెప్పింది. నా చెవులు వేడెక్కాయి. కాగితం నలిపి బల్ల మీద పడేశాను.

తర్వాత డ్రైవరు వంతు. హెడ్‌ఫోన్లూ లైటూ అతనికీ ఉన్నాయి. అతను ఆవిడ చెప్పినట్టే కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చేతికిచ్చి, "ఖలాస్, మిస్," అన్నాడు, అయిపోయిందని. ఇరవై ఏళ్ళ అరబ్బీ అతన్ని ఆదుకుంది. ఎనిమిదేళ్ళలో నేను మూడు మాటలు కూడా నేర్చుకోలేదు. నేర్చుకోవడం నా స్థాయికి తగదనుకున్నాను కాబోలు.

"సార్ మొండివారు కారు," అంది ఆవిడ గదినంతా చూస్తూ. "సార్‌కు తెలివీ తక్కువ కాదు. ఒకేసారి అన్నీ మీద పడ్డాయి, చెప్పిన మాట ఆయనకు అందలేదు. కాగితం విసిరేశారు. మనం రిపోర్టులో ఏం రాస్తాం? క్రమశిక్షణ లేదని రాస్తాం."

నా రిపోర్టు గురించి ఆవిడకు తెలిసే అవకాశం లేదు. అయినా నా మెడ మీది గరుకు కాగితం మరింత గీరుకుంది.

ఆ తర్వాత ఒక పని ఇచ్చింది. ఎవరికి ఏ పిల్లతో ఇబ్బందో తలచుకోవాలి. ఆ ఇబ్బందికి ముందు ఒక్క నిమిషంలో ఏం జరిగిందో రాయాలి. అభిప్రాయాలు వద్దు. గోడ మీద కెమెరా ఉంటే దానికి ఏం కనపడుతుందో, ఏం వినపడుతుందో, అంతే.

రాయడం నాకు చేతనైన పనే. రాశాను: బస్సు ఎక్కాను. లెక్కపెట్టాను. విద్యార్థిని ఊరికే కూర్చుని ఉంది. ఆమె వద్ద సెలవు తీసుకున్నాను. దిగాను. ఆమె బెల్టు విప్పింది.

ఆవిడ వచ్చి చదివి, ఒక చోట వేలు పెట్టింది. "సెలవు తీసుకున్నాను అంటే? కెమెరాకు ఏం వినపడింది?"

"తెలుగులో చెప్పానండీ."

"తెలుగులోనే రాయండి. కింద మాటకు మాట ఇంగ్లీషు రాయండి. బాగుండాలని సర్దకండి."

"సరేనమ్మా, నేను వస్తాను" అని రాశాను. కింద ఇంగ్లీషులో, సర్దకుండా, ఒక్కో మాటకూ అర్థం రాశాను. ఆవిడ చదివింది.

"వచ్చారా?" అంది.

"ఎక్కడికి?"

"బస్సుకు. వస్తానన్నారు కదా. వచ్చారా?"

రాసిన మాటను మళ్ళీ చదివాను. పక్కన డ్రైవరు ముందుకు వంగి నా కాగితం చూశాడు. అతనికి నాకంటే ముందే అర్థమైందనుకుంటాను. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

ఆవిడకు చెప్పాల్సి వచ్చింది. మాలో ఇల్లు కదిలేవాడు పోతున్నాను అనకూడదు. పోవడం చావుకు చెల్లిన మాట. పక్క వీధికి వెళ్ళేవాడైనా, తిరిగి ఎప్పటికీ రానివాడైనా వస్తాను అనే అంటాడు. మా నాయనమ్మ ముందు ఒకసారి పొరపాటున పోతున్నానంటే నోరు కడుక్కోమంది. ఇది మర్యాద. దీని అర్థం వెళ్తున్నాననే. ఇది చెప్పనక్కర్లేకుండానే మాలో ప్రతివారికీ తెలుసు.

"పోతా అంటే చచ్చుడే, మిస్," అని డ్రైవరు తన హిందీలో నాకు సాక్ష్యం పలికాడు.

"మీ ఇద్దరికీ తెలుసు," అంది ఆవిడ. "ఆ పాపకు ఎవరైనా చెప్పారా?"

అప్పుడు నాకు ఆ మూడు వారాల మధ్యాహ్నాలూ ఒక్కొక్కటిగా కనపడసాగాయి. ఒక పెద్దమనిషి రోజూ తన దగ్గరికి వచ్చి, తన భాషలో, తనతోనే, నేను వస్తాను అని చెప్పి దిగిపోతున్నాడు. ఆయన రాకముందే బస్సు కదులుతోంది. ఆ పాప బస్సులోంచి పారిపోవాలని తలుపు దగ్గరికి రాలేదు. నాకోసం బస్సును ఆపుతోంది. అరచేతులు అద్దానికి ఆనించింది నన్ను వదిలి వెళ్ళొద్దని బస్సుకు చెప్పడానికి. గీరినా, గొంతు పోయేలా అరిచినా, నా మాట నిలబెట్టడానికి.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా కుదిపింది మరొకటి. నేను నిన్న రాలేదు. మొన్న రాలేదు. అయినా ఈరోజు వస్తానంటే, ఈరోజు కూడా పూర్తిగానే నమ్మింది. నిన్నటి మోసం ఇవాళ్టి నమ్మకాన్ని ఒక్క పిసరు కూడా తగ్గించలేదు. మాట తప్పని ఇంటివాణ్ణని నేను చెప్పుకు తిరిగాను. నా మాటను అంత నమ్మిన మనిషి నా జీవితంలో ఇంకొకరు లేరు. గుళ్ళో కూడా నేనెప్పుడూ అంతగా తలవంచుకుని కూర్చోలేదు. చిన్న కుర్చీ కనుక ఎవరికీ తేడా తెలియలేదు.

"నేను మొదలే జెప్పిన," అన్నాడు డ్రైవరు బయటికి వస్తూ.

"నాకోసం చూస్తోందని చెప్పావు. ఎందుకో చెప్పలేదు."

"ఎందుకో నాకు ఎరుకుంటే, అక్కడ నిలవడి నేర్పుడు నేనే నేర్పుదును గద సార్."

ఆ సాయంత్రమే ప్రిన్సిపాల్ గదికి వెళ్ళి రిపోర్టు వెనక్కి ఇమ్మన్నాను. ఇవ్వలేదు. కారణం రాసివ్వమంది. రాశాను: తప్పు విద్యార్థినిది కాదు, నాది. చిన్న వాక్యమే. కానీ అలాంటిది రాయడం అలవాటు లేక రెండు కాగితాలు పాడయ్యాయి. ఆమె పాత రిపోర్టునూ దీన్నీ కలిపి ఒకే ఫైలులో పెట్టింది. "వచ్చే వారం ఐదు రోజులూ ఆ బస్సు ఒకటిన్నరకు కదిలితే మీ రెండో కాగితం నమ్ముతాను. లేకపోతే తల్లిదండ్రులు ఊరుకోరు, మొదటిదే నడుస్తుంది," అంది.

తల్లికి ఫోన్ చేసి చెప్పాను. అంతా వింది. తర్వాత అంది: "వాళ్ళ నాన్న ఆదివారం పొద్దున వెళ్తూ గురువారం వస్తా అంటారండీ. వస్తారు. ఎప్పుడూ తప్పలేదు. అందుకే ఆ మాటంటే దానికి అదే అర్థం."

ఆదివారం వచ్చింది. ఇక్కడ సెలవులు శుక్ర, శనివారాలు. ట్రెయినింగ్ ఆవిడ చెప్పింది గుర్తుంది: చిన్న మాట, ఉన్నది ఉన్నట్టు, తర్వాత ఏం జరుగుతుందో కూడా చెప్పాలి. లెక్కపెట్టి పాప సీటు దగ్గర ఆగాను. పోతున్నాను అనడానికి నోరు రాలేదు. చుట్టూ పాతికమంది పసిపిల్లలు, రోడ్డు మీదికి వెళ్ళే బస్సు, ఆ మాట ఎలా అనడం?

"అమ్మా, నేను సెలవు తీసుకుంటున్నాను," అన్నాను.

పాప నా బూట్ల మీదినుంచి చూపు తీసి నా చేతులు చూసింది. ఒక చేతిలో లిస్టు. రెండో చెయ్యి ఖాళీ.

"ఏం తీసుకుంటున్నావ్?" అంది.

ముందు సీట్లో డ్రైవరు స్టీరింగు మీద తల పెట్టుకుని నవ్వుతున్నాడు. "అడిగింది జెప్పుండ్రి సార్. ఒకటి ఇరవై ఎనిమిదైంది."

"నేను పోతున్నాను," అన్నాను. "మళ్ళీ ఇవాళ రాను. ఇప్పుడు బస్సు రిఫా వెళ్తుంది."

పాప ఆ మాటను కాసేపు తూచింది. నా బూట్లను చూసి, తర్వాత తలుపును చూసింది.

"పో," అంది.

మా ఇంట్లో పుట్టినవాణ్ణి ఎవరూ పో అనలేదు. దిగాను. బస్సు కదిలింది. రెండో వరుస కిటికీలో ఆ పాప తల ఉండాల్సిన చోటే ఉంది. ఎండలో అలా నిలబడి, వెళ్ళే బస్సును చూస్తూ, నాలుగో బస్సు లెక్క మరిచిపోయాను.

సోమవారం, మంగళవారం అలాగే గడిచాయి. బుధవారం నేను పోతున్నాను అన్నాక పాప పో అనలేదు.

"రేపు?" అంది.

రేపు గురువారం. ఐదో రోజు. నా రెసిడెన్సీ కార్డు గడువు ముగుస్తోంది. పొద్దుటినుంచి ఆఫీసులో వరుసలో ఉండాలి, మధ్యాహ్నానికి రాగలనో లేదో తెలియదు. ఇలాంటప్పుడు మనం చూద్దాం అంటాం. కాదనలేక అనే మాట అది.

"చూ..." అన్నాను.

పాప తల కిటికీ వైపు తిరిగింది. చూడమంటున్నానేమోనని బయట వెతుకుతోంది. అక్కడ గోడ, గోడ మీద పిల్లి తప్ప ఏమీ లేవు.

"రేపు రాను," అన్నాను. "రేపు ఆయా లెక్కపెడుతుంది. ఆదివారం వస్తాను."

పెదవులు కదిలాయి. లోపల రోజులు లెక్కపెట్టుకుంటోందేమో. "ఆయా," అంది. "పో."

రానని చెప్పడం వల్ల పాప మళ్ళీ లేస్తుందేమోనని ఆ రాత్రి నాకు భయం పట్టుకుంది. మర్నాడు ఒకటిన్నరకు వరుసలో నా ముందు ఇంకా పదిమంది ఉన్నారు. ఫోన్ చేతిలోనే పెట్టుకున్నాను. ఒకటి ముప్పైమూడుకు డ్రైవరు గొంతు రికార్డు చేసి పంపాడు, వెనక పిల్లల గోలతో: "సార్, నడిచినం. మీ చిన్న దొరసాని మెదలలేదు. మీరు లేరని నన్ను ఒక్క మాట అనలేదు గూడ."

రికార్డు పంపినప్పుడు బస్సు ఆపాడో లేదో అడిగి మందలించాలని తర్వాత గుర్తొచ్చింది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడే పంపానని ప్రమాణం చేశాడు.

ఆదివారం పొద్దున ప్రిన్సిపాల్ మేడమ్ నా మొదటి కాగితం నాకు తిరిగి ఇచ్చింది. రెండోది ఉంచుకుంది. తీసుకుని చొక్కా జేబులో మడిచి పెట్టుకున్నాను. మధ్యాహ్నం రిఫా బస్సు ఎక్కాను. పాప తల ఎత్తలేదు. నా అడుగుల చప్పుడు రెండో వరుస దగ్గరికి రాగానే, ఎవరితో అంటున్నట్టూ కాకుండా అంది.

"ఆదివారం."

"అవునమ్మా, ఆదివారం," అన్నాను, తలలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను.